మూడో చాటింపు

మరియదాసు ఆ మాట అప్పటికి పధ్నాలుగు సార్లు చెప్పాడు. లెక్కలో పొరపాటు లేదు. ఓవరుకు ఆరు బంతులు లెక్కపెట్టుకుంటూ బతికినవాడు, చెప్పిన మాటలు కూడా అలాగే లెక్కపెట్టుకున్నాడు. తల్లి శౌరమ్మకు అయిదుసార్లు, అంపైరు అబ్రహాముకు మూడుసార్లు, కంపెనీ క్రీడల కార్యదర్శి పూర్ణచంద్రరావుకు రెండుసార్లు, జట్టు కెప్టెనుకు రెండుసార్లు, సొంతూళ్ళో ఫాదర్ గారికి ఒకసారి, బెజవాడ పటమటలో ఇంటావిడ హైమవతి గారికి ఒకసారి.

మాట చిన్నదే. "నాకు ఆడవాళ్ళ మీదికి మనసు పోదు. పెళ్ళి చేసుకోను. అచ్యుతరామారావూ నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నది ఉత్త స్నేహితులమై కాదు. ఆలుమగలు ఎలా ఉంటారో అలా ఉంటున్నాం." ఇందులో అర్థం కానిదేముందో మరియదాసుకు ఎంతకీ అర్థం కాలేదు.

మొదటిసారి చెప్పినప్పుడు శౌరమ్మ అరుగు మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. అంతా విని, "ఈసారి బియ్యంలో రాళ్ళెక్కువ వచ్చినయ్ రా" అంది. పూర్ణచంద్రరావు, "సీజను కానీవయ్యా, తర్వాత చూద్దాం" అన్నాడు, అదేదో సెలవు చీటీ అయినట్టు. కెప్టెను పడీపడీ నవ్వాడు. ఫాదర్ గారు ప్రార్థన చేసుకోమన్నారు. హైమవతి గారు, "మంచిదే బాబూ, మా వారికీ ఆడవాళ్ళంటే బెదురే" అని పచ్చడి ఇచ్చి పంపించింది. అబ్రహాము అయితే మూడుసార్లూ శ్రద్ధగా విని, "అది సరే దాసూ, నిన్నటి ఎల్బీ మాత్రం లెగ్ స్టంపు బయట పడింది" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే 'ఏం కొరుకుతున్నావు' అన్నాడట. వీళ్ళు ఆ మాట కూడా అనలేదు.

అతను బంతి వేసి బతికేవాడు. పన్నెండేళ్ళుగా అదే పని. చక్కెర ఫ్యాక్టరీవాళ్ళు పిలిస్తే ఫ్యాక్టరీకి వేశాడు, రైసు మిల్లర్లు పిలిస్తే మిల్లర్లకు వేశాడు, ఒకసారి గడప తొక్కని కాలేజీకి ఎవడి పేరు మీదో కూడా వేశాడు. ఆ చుట్టుపక్కల పిచ్ అంటే గట్టినేల మీద కొబ్బరిపీచు చాప పరిచి అంచుల్లో ఇనప మేకులు కొట్టడమే. ఆ చాప మీద మరియదాసు ఎడమచేతి స్పిన్ పడిందంటే ఎటు తిరుగుతుందో బ్యాటు పట్టినవాడికి తెలియదు, కీపరుకీ తెలియదు. నాలుగేళ్ళ నుంచి బెజవాడలో ఒక పైపుల కంపెనీ జట్టులో ఉన్నాడు. రికార్డుల్లో స్టోర్సు గుమస్తా. స్టోరు ఏ వైపుందని అడిగితే మాత్రం చెప్పలేడు. ఏటా మార్చిలో ఉద్యోగం అయిపోయేది, జూన్‌లో మళ్ళీ ఇచ్చేవారు. ముప్ఫై ఒకటి నిండాయి, వేళ్ళలో పట్టు ఇంకెన్నాళ్ళుంటుందో తెలియదు. ఈసారి కప్పు గెలిపిస్తే పర్మనెంటు చేయిస్తానని పూర్ణచంద్రరావు మాటిచ్చాడు. డెబ్భై అయిదు జనవరిలో మరియదాసుకున్న ఆశ అదొక్కటే.

ఇరవై ఆరో తేదీ ఆదివారం సెమీఫైనలు. పదకొండో ఓవర్లో బంతి తిన్నగా వెళ్ళి బ్యాట్స్‌మన్ ప్యాడుకు తగిలింది. వెనక మూడు స్టంపులూ ఉన్నాయి. మరియదాసు గొంతు చించుకుని అడిగాడు. అబ్రహాము తల అడ్డంగా ఊపాడు. అబ్రహాముది మరియదాసు వాళ్ళ ఊరే, వరసకు బాబాయి అవుతాడు. అందుకే ఇవ్వడు. మనవాడికిచ్చాడంటారని భయం. ఆ సీజను మొత్తంలో ఒక్క ఎల్బీ ఇవ్వలేదు.

మరియదాసు పళ్ళు నూరుకుంటూ బంతి తీసుకుని వెనక్కి వస్తుంటే అబ్రహాము గొంతు తగ్గించి అన్నాడు, "రెండో చాటింపు కూడా అయిపోయింది పొద్దున. జెండా వందనం ఉందని ఫాదర్ గారు ఆరింటికే పూజ పెట్టారు. నేనూ విని వచ్చా. సంతోషం దాసూ."

"ఎవరి చాటింపు?"

"ఎవరిదేంటి, నీదే. గన్నవరం స్కూల్లో పంతులమ్మ లేదూ, సంపూర్ణమ్మ. మంచి పిల్ల. ఊఁ, వెయ్యి, రెండు బంతులున్నాయి."

తర్వాతి బంతి నేల తాకకుండానే వెళ్ళి బ్యాట్స్‌మన్ నడుం దగ్గర పడింది. వాడు దాన్ని కంపచెట్లలోకి కొట్టాడు. దాన్ని వెతకడానికి పట్టినంతసేపూ మరియదాసు నడుం మీద చేతులు పెట్టుకుని అబ్రహాము ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

కతోలికుల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ఫాదర్ గారు పూజలో వధూవరుల పేర్లు చదివి, ఈ పెళ్ళికి ఆటంకం ఎరిగినవారు ఎవరైనా ఉంటే తెలియజేయమంటారు. దానికే చాటింపు అని పేరు. మూడుసార్లు చదివినా ఎవరూ ఏమీ అనకపోతే ఇక పెళ్ళే. మామూలుగా అయితే ముందు పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ వెళ్ళి ఫాదర్ గారి ముందు సంతకాలు పెట్టాలి. అయితే శౌరమ్మ ముప్ఫై ఏళ్ళుగా గుడి ఊడ్చి, పీఠం మీద పూలు పెట్టే మనిషి. మా వాడు మ్యాచీల్లో ఉన్నాడండీ, పెళ్ళి ముందురోజు వచ్చి సంతకం పెడతాడంటే ఆయన నమ్మాడు. మరియదాసు ఆదివారాలన్నీ మైదానంలోనే ఉంటాడు. ఊరందరికీ తెలిసిన సంగతి పెళ్ళికొడుకు చెవిన పడడానికి వారం రోజులు పట్టింది, అదీ అంపైరు చెబితే.

ఎలాగో సెమీఫైనలు గెలిచారు. మరియదాసు బట్టలైనా మార్చుకోకుండా గన్నవరం బస్సెక్కి, అక్కడి నుంచి ఇంకో బస్సు పట్టుకుని, దీపాల వేళకు ఊళ్ళో దిగాడు.

శౌరమ్మ కొడుకుని చూసి కంగారేమీ పడలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చింది.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు.

"బుధవారం పెళ్ళి. అయిదో తారీఖు. ఆ వెనకే గుణదల తిరనాళ్ళు, ఆ వెనకే తపస్సుకాలం. తపస్సుకాలంలో పెళ్ళిళ్ళు చెయ్యరుగా. అందుకని తొందరపడ్డా."

"నాకు చెప్పకుండానా?"

"ఆదివారం గుడికొస్తే నీకే తెలిసేది. రాకపోవడం నా తప్పా?"

మరియదాసు గుంజకు తల ఆనించాడు. తర్వాత పదిహేనోసారి చెప్పాడు. మెల్లగా, ఒక్కో మాటా విడదీసి, రెండో తరగతి పిల్లలకు డిక్టేషను చెప్పినట్టు చెప్పాడు. శౌరమ్మ అన్నం కలుపుతూ వింది.

"నేను పోయాక నీకు అన్నం ఎవరు పెడతారు?" అంది.

"అచ్యుతం పెడతాడు. ఇప్పుడూ వాడే పెడుతున్నాడు."

"వాడు బ్రాహ్మలబ్బాయి. చేపల పులుసు పెడతాడా?"

"నేర్చుకున్నాడు. పులుపు కొంచెం ఎక్కువేస్తాడు. అమ్మా, సంగతి పులుసు కాదు. ఆదివారం ఫైనలు. గెలిస్తే పర్మనెంటు అవుతుంది. పన్నెండేళ్ళ కష్టం. ఈ గోల నాకిప్పుడు పెట్టకు, వెళ్ళి ఆపించు."

"ఉసిరికాయ పచ్చడి కొత్తది పెట్టా. వేసుకో" అంది శౌరమ్మ.

అచ్యుతరామారావు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. లోకంలో జరిగేవన్నీ అతనికి అచ్చుతప్పుల్లాగే కనిపించేవి. క్రికెట్టంటే ఓపిక లేదు, మ్యాచికి వస్తే గొడుగు కింద నిద్రపోయేవాడు. మర్నాడు పొద్దున స్టవ్ ముందు కూర్చుని ఉప్మా కలుపుతూ మరియదాసు చెప్పిందంతా విని, "తప్పు నీదే" అన్నాడు.

"నాదా? పదిహేనుసార్లు చెప్పాను."

"చెప్పావు. చెప్పడం, వెనక్కి తిరగడం, మళ్ళీ బంతి వెయ్యడానికి వెళ్ళిపోవడం. విన్నారో లేదో ఒక్కసారన్నా నిలబడి చూశావా? మా నాన్నకు నేను ఒక్కసారే చెప్పాను. ఆయన 'ఇక ఈ గడప తొక్కకు' అనేదాకా అక్కడే నిలబడ్డాను. నీకు వాళ్ళు వినకపోతేనే హాయి. విన్నాక ఏమంటారో అని లోపల భయం."

మరియదాసుకు ఒళ్ళు మండిపోయింది. నిజమైన మాటకు మండినంతగా అబద్ధానికి మండదు. ఉప్మా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

మంగళవారం గన్నవరం వెళ్ళి, స్కూలు వదిలే వేళకు సంపూర్ణమ్మను కలిశాడు. ఆమెకు ఇరవై ఏడేళ్ళుంటాయి. అతని కంటే బెత్తెడు పొడుగు. చేతుల నిండా సుద్దపొడి. అతను చెప్పడం మొదలుపెట్టి పూర్తి చేసేదాకా ఆమె మధ్యలో ఒక్కసారి కూడా బియ్యం గురించి గానీ పచ్చడి గురించి గానీ మాట్లాడలేదు. వినడమంటే ఎలా ఉంటుందో మరియదాసు మరిచిపోయాడు. సగంలో తనే తడబడ్డాడు.

"నన్నెవరూ అడగలేదండీ" అంది చివరికి. "అబ్బాయి తాగడు, ఉద్యోగం ఉందన్నారు నాన్న. సరేనన్నాను."

"మీకేం ఇబ్బంది లేకుండా నేను ఫాదర్ గారితో విడిగా చెప్పి ఆపించేస్తానండీ. మూడోసారి చదవకుండా చేస్తే చాలు."

"చాలదండీ." ఆమె చేతులు దులుపుకుంది. "పోయినేడు ఒక సంబంధం ఇలాగే చడీచప్పుడు లేకుండా ఆగింది. పిల్ల పొడుగెక్కువని వాళ్ళు తప్పుకున్నారు. ఊళ్ళో మాత్రం ఏదో ఉండబట్టేగా ఆగిందన్నారు. ఇప్పుడు రెండుసార్లు మైకులో నా పేరు చదివారు, మూడోసారి చదవలేదంటే ఏమంటారో మీకు తెలియదా? అందరి ముందూ మొదలైంది, అందరి ముందే ఆగాలి. లోపం నాలో లేదని మీ నోటితో మీరు చెప్పాలి. నేనూ వస్తాను ఆదివారం. విని వెళ్తాను."

మరియదాసు తల ఊపాడు. ఊపాక గుర్తొచ్చింది, ఆదివారం ఫైనలు.

ఫిబ్రవరి రెండో తేదీ. కొవ్వొత్తుల పండుగ కూడా ఆ రోజే వచ్చి చచ్చింది. కొవ్వొత్తులు దీవించి, గుడి చుట్టూ ఊరేగింపు అయ్యాక గాని పూజ మొదలవదు. ప్రసంగం అయ్యాక గాని చాటింపు రాదు. అంటే తొమ్మిది దాటుతుంది. బెజవాడలో టాసు తొమ్మిదింటికే. టాసు వేళకు మైదానంలో లేనివాడి పేరు జట్టు జాబితాలో రాయకూడదని ఆ టోర్నమెంటు నిబంధన. పేరు లేకపోతే సాక్షాత్తూ దేవుడే వచ్చినా బంతి ముట్టుకోనివ్వరు. శుక్రవారం పూర్ణచంద్రరావు దగ్గరికెళ్ళి ఒక గంట ఆలస్యమవుతుందంటే ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మేనేజరు గారు వస్తున్నారయ్యా, నిన్ను చూడ్డానికే. సంతకం పెట్టేది ఆయన. గంట ఆలస్యమేంటి, నీ మొహం."

ఆదివారం తెల్లవారుతుండగా మరియదాసు తెల్ల ప్యాంటూ తెల్ల చొక్కా వేసుకుని, బూట్ల సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఎటు పోవాలో కాళ్ళకు తెలియడంలేదు. అచ్యుతరామారావు టిఫిన్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. "నేను మైదానం దగ్గరుంటా. ఎప్పుడొస్తే అప్పుడే రా" అన్నాడు. ఎటు వెళ్ళమని మాత్రం చెప్పలేదు. చెబితే బాగుండునని మరియదాసుకు కోపం వచ్చింది. ఆ కోపంతోనే గన్నవరం బస్సెక్కాడు.

గుడి కిటకిటలాడుతోంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో శౌరమ్మ, నాలుగో వరసలో సంపూర్ణమ్మ. కూర్చున్నా తల ఎత్తుగానే కనిపిస్తోంది. అందరి చేతుల్లోనూ వెలిగించిన కొవ్వొత్తులు. మరియదాసుకూ ఎవరో ఒకటి అంటించి ఇచ్చారు. అతను దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాడు. గోడ గడియారం తొమ్మిదీ పది చూపించింది. బెజవాడలో టాసు పడిపోయింది.

ఫాదర్ గారు కాగితం విప్పి చదివారు. "...మరియదాసుకూ, గన్నవరం సంపూర్ణమ్మకూ వివాహం నిశ్చయమైనది. ఇది మూడవ ప్రకటన. ఆటంకం ఎరిగినవారు తెలియజేయవలెను."

మరియదాసు లేచాడు. "నాకు తెలుసండీ."

ఫాదర్ గారు కాగితం మీదుగా చూశారు. "కూర్చో నాయనా. ఆటంకం చెప్పాల్సింది బయటివాళ్ళు. పెళ్ళికొడుకే చెప్పడమేంటి? ఏదైనా ఉంటే పూజయ్యాక మాట్లాడదాం."

"పూజయ్యాక కాదండీ. చదివింది అందరి ముందు గదా." గొంతు సన్నగా వచ్చింది. అరవై గజాల అవతలికి వినపడేలా అప్పీలు చేసే గొంతు అది. మళ్ళీ ఎత్తుకున్నాడు. "సంపూర్ణమ్మ గారిలో ఏ లోపమూ లేదు. ఆమెనీ ఎవరూ అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. నేను పటమటలో అచ్యుతరామారావు అనే అతనితో కాపురం ఉంటున్నాను. ఏడేళ్ళయింది. నాకు ఆడవాళ్ళ మీదికి మనసు పోదు, ఎప్పుడూ పోలేదు. ఈ సంగతి నేను దాచలేదు. మా అమ్మకు చెప్పాను, మీకూ చెప్పాను. ఈ పెళ్ళికి ఆటంకం నేనే."

చెప్పి ఈసారి కూర్చోలేదు, బయటికి పోలేదు, నిలబడ్డాడు. కరిగిన మైనం చూపుడు వేలి మీదికి కారింది. బంతి తిప్పే వేలు. మంట పుట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఊళ్ళోవాళ్ళు వాటికి ఏ అర్థం చెప్పుకున్నారో వాళ్ళిష్టం.

ఫాదర్ గారు కాగితం నాలుగు మడతలు పెట్టారు. ఆయన ముఖం నిండా విసుగే. "కొవ్వొత్తి ఆర్పెయ్, చెయ్యి కాలుతోంది" అన్నారు. తర్వాత అందరివైపూ తిరిగి, "ఈ ప్రకటన రద్దయింది. పెళ్ళికూతురి వైపు ఏ దోషమూ లేదు" అన్నారు. పాట ఎత్తుకోవడానికి ఎవరికీ నోరు రాలేదు. నాలుగో వరసలో సంపూర్ణమ్మ ఎత్తుకుంది. స్కూల్లో పిల్లల చేత పాడించే గొంతు, గుడంతా నిండింది.

పూజ అయ్యీ అవకముందే మరియదాసు బయటపడి రోడ్డెక్కాడు. బస్సు కదులుతుండగా శౌరమ్మ పండుగ చీరతో పరుగులాంటి నడకతో వచ్చి ఎక్కింది. ఎక్కి కొడుకు పక్క సీట్లో కూర్చుంది.

"ఎక్కడికమ్మా?"

"నోరు మూసుకో. ఊళ్ళో ఇప్పుడు నేనెవరి మొహం చూడను?"

గన్నవరంలో బస్సు మారాక శౌరమ్మ కిటికీలోంచి చూస్తూ, "ఆ రోజు బియ్యంలో రాళ్ళు లేవురా" అంది.

"ఏ రోజు?"

"నువ్వు మొదటిసారి చెప్పిన రోజు. ఒక్క రాయి లేదు. మల్లెపూవులాంటి బియ్యం."

మరియదాసు ఆమె వైపు తిరిగాడు. "అంటే విన్నావా?"

"చెవులున్నాయిగా. మొదటిరోజే విన్నా. విన్నానంటే జవాబు చెప్పాలి. ఏం జవాబు చెప్పేది నేను? సరే అననూలేను, పో అననూలేను. పో అంటే నువ్వు పోతావు, నీ సంగతి నాకు తెలుసు. విననట్టుంటే మళ్ళీ చెప్పడానికైనా ఇంటికొస్తావని ఊరుకున్నా."

"మరి పెళ్ళెందుకు పెట్టావు తల్లీ?"

"ఎన్నిసార్లని వింటాను? ఒక్కసారన్నా నువ్వూరుకుంటావేమోనని." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఒప్పుకున్నానని కాదు. ఒప్పుకోలేదు. ఊరికే చెప్తున్నా."

మరియదాసుకు ఏడవాలో అరవాలో తెలియలేదు. ఆరుసార్లు గొంతు ఎండేలా చెప్పించి, తీరా ఇప్పుడు ఇది. ముందు సీటు కమ్మీ పట్టుకుని గట్టిగా నొక్కాడు. కాలిన వేలు చురుక్కుమంది.

మైదానం చేరేసరికి పదకొండున్నర. అవతలి జట్టు వికెట్టు పడకుండా వంద దాటించింది. మరియదాసు బదులు బంతి వేస్తున్న కుర్రవాణ్ణి ఎటు పడితే అటు బాదుతున్నారు. పూర్ణచంద్రరావు షామియానాలోంచి చిందులు తొక్కుతూ వచ్చాడు.

"ఎక్కడ చచ్చావయ్యా?"

"మా ఊళ్ళో చాటింపు ఆపడానికెళ్ళాను సార్. ఎందుకంటే నేను—"

"ఎందుకో నాకు తెలుసు. కంపెనీలో గేటు దగ్గర కాపలావాడి దాకా తెలుసు. రెండుసార్లు చెప్పావు గదా, నాకేమన్నా చెవుడా? నేనడిగేది టాసుకెందుకు లేవని. మేనేజరు గారు కూర్చుని కూర్చుని లేచి వెళ్ళిపోయారు. పర్మనెంటు మాట ఇక నా దగ్గరెత్తకు. మార్చితో సరి."

మరియదాసు అక్కడే గడ్డిలో చతికిలబడ్డాడు. అందరూ విన్నారు. ఒక్కడూ వినకుండా లేడు. విన్నవాళ్ళలో ఒక్కరు, ఒక్కసారి, విన్నామయ్యా అని ఒక ముక్క అని ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది? పన్నెండేళ్ళ ఆట పోయింది, నోటి దగ్గరి ఉద్యోగం పోయింది, అందరికీ తెలిసిన సంగతి చెప్పడం కోసం.

శౌరమ్మ పక్కనే నిలబడి అంతా వింది. "ఇవాళ ఆటకు రాకపోతే ఉద్యోగం పోతుందని నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పానమ్మా. పోయిన ఆదివారం చెప్పాను. నువ్వు పచ్చడి వేసుకోమన్నావు."

శౌరమ్మ ముఖం చిన్నదైపోయింది. "అది మాత్రం నిజంగా వినలేదురా" అంది.

అచ్యుతరామారావు అప్పటికే గొడుగుతో వచ్చి నిలబడ్డాడు. ఆమె మొదటిసారి అతన్ని తేరిపార చూసింది. అతను గొడుగు ఆమె మీదికి జరిపాడు. ఆమె వద్దనలేదు. "పులుసులో చింతపండు తగ్గించు. వాడికి కడుపులో మంట" అంది. అతను సరేనండీ అన్నాడు.

సాయంత్రానికి చిత్తుగా ఓడిపోయారు. జనం వెళ్ళిపోయారు. మైదానంలో చాప పరిచే హనుమయ్య సుత్తి తెచ్చి మేకులు పీకడం మొదలుపెట్టాడు.

"ఇంత దూరం వచ్చాను" అంది శౌరమ్మ. "పన్నెండేళ్ళ నుంచి ఆదివారం ఆదివారం ఏం వెలగబెడుతున్నావో ఎప్పుడూ చూళ్ళేదు. ఒక్కటి వేసి చూపించు."

"ఇప్పుడా? ఎవడికి వెయ్యను?"

"వీడికి వెయ్యి."

అచ్యుతరామారావు బ్యాటును గరిటెలా పట్టుకుని స్టంపుల ముందు నిలబడ్డాడు. ప్యాడ్లు లేవు. "ఒక్కటే గదా? ఒక్కటే నాయనా" అని గొణుగుతూ హనుమయ్య సుత్తి కింద పెట్టి పక్కకు జరిగాడు. అబ్రహాము తెల్లకోటు విప్పి చేతి మీద వేసుకుని, ఇవతలి బెయిల్సు జేబులో పెట్టుకుంటున్నాడు. మరియదాసు నాలుగు అడుగులు వేసి వదిలాడు. కాలిన వేలు భగ్గుమంది. బంతి చాప మీద పడి, కరుచుకుని, లోపలికి తిరిగి అచ్యుతరామారావు కాలి ఎముక మీద ఠంగుమని తగిలింది. అతను బ్యాటు వదిలేసి కాలు పట్టుకుని గెంతాడు.

"ఔటేనా అది?" అంది శౌరమ్మ.

"అడక్కుండా చెప్పకూడదు వదినా. రూలు" అన్నాడు అబ్రహాము. "బంతి వేసినవాడు గాని, వాడి వైపు వాళ్ళు గాని అడగాలి. అడిగితేనే చెప్పేది."

"వాడడగలేదా?"

"లేదు."

శౌరమ్మ కొడుకు వైపు చూసింది. మరియదాసు ఈ జన్మకు అడిగింది చాలనుకున్నాడు. ఆమె గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, చాప దాకా నడిచి వచ్చి అబ్రహాము ముందు నిలబడింది.

"నేను వాడి వైపే. నేనడుగుతున్నా. చెప్పు."

అబ్రహాము చాపనీ, స్టంపులనీ, గెంతుతున్న మనిషినీ పరీక్షగా చూశాడు. తర్వాత విప్పిన కోటు మళ్ళీ తొడుక్కుని, గుండీ పెట్టుకుని, చూపుడు వేలు పైకెత్తాడు.

"సీజనంతా గొంతు చించుకుంటే ఒక్కటివ్వలేదు గదా బాబాయ్" అన్నాడు మరియదాసు. ఇంకా చాలా అనాలనుకున్నాడు గాని, ముందు వెళ్ళి అచ్యుతరామారావు కాలు చూశాడు.